కోహెన్ల మైల

శవాన్ని తోపుడుబండి మీద తెచ్చారు. తెచ్చారు అనకూడదు, తెచ్చింది. బండి తోసింది ఒక్కత్తే ఆడమనిషి. గురువారం మధ్యాహ్నం, ఆషాఢపు వాన. మనవాళ్ళు రంగం అనే రంగూన్‌లో ఆ వాన ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా నమ్మరు.

బుల్లియ్య గేటు దగ్గరే కొయ్యబారిపోయాడు. యూదుల గోరీలదొడ్డికి కావలివాడు అతనే, గొయ్యి తవ్వేవాడూ అతనే. ఎన్ని శవాలు రాలేదు ఆ గేట్లోంచి! గుర్రబ్బండి మీద వచ్చినవి, భుజాల మీద వచ్చినవి, వెనక నల్లకోట్ల మగాళ్ళు గొణుక్కుంటూ నడిచినవి. ఇలా మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టుకుని, జుట్టునిండా మిల్లు ఊక తడిసి అంటుకునుండగా, మొగుణ్ణి తోసుకుంటూ వచ్చిన మనిషిని మాత్రం చూళ్ళేదు. పైగా మన సీకాకోళపు మనిషి.

"ఎవలమ్మా నువ్వు?"

"తాయారమ్మని. అహ్లోన్ బియ్యం మిల్లులో సెరుగుతాను. ఇతను మా ఆయన, దావీదు కోహెన్. జొరమొచ్చి పోనాడు. ఈళ్ళ మనిషే అన్నియ్యా. ఈ దొడ్లోనే పెట్టాల."

బుల్లియ్య గోనెపట్టా కొస ఎత్తి చూశాడు. నల్లటి మనిషి, సన్నటి గడ్డం. వీధిలో ఎదురైతే మన కూలీ మేస్త్రీ అనుకుని పలకరించేలా ఉన్నాడు. కానీ కోహెన్ అంది కదా! చదువురాని బుల్లియ్యకి ఆ దొడ్లో గుర్తుపట్టడం వచ్చిన పేరు అదొక్కటే. కోహెన్ల రాళ్ళ మీద రెండు చేతులు చెక్కి ఉంటాయి. అరచేతులు పక్కపక్కన, నాలుగు వేళ్ళూ రెండేసి జతలుగా విడిపోయి, నడుమ సందు. ఆ చేతులు దొడ్డినిండా ఉన్నాయి. పొద్దు వాలేవేళ గడ్డి కోస్తుంటే, కింద పడుకున్నవాళ్ళంతా చేతులు పైకెత్తినట్టే ఉండేది అతనికి. అటువైపు గడ్డి ఎప్పుడూ తొందరగా కోసేసి వచ్చేసేవాడు.

"వానలో ఉంచకు, లోపల్కి తొయ్యి," అన్నాడు చివరికి.

శవాలు కడిగే కొట్టులో నాపరాతి బల్ల మీద పడుకోబెట్టారు. కడగాల్సింది యూదుల మగాళ్ళు; నీళ్ళు తోడటం వరకే బుల్లియ్య పని. అందుకని కబురు పంపాడు. సాయంత్రానికి యూదుల కమిటీ సెక్రటరీ దొర రిక్షాలో వచ్చాడు. కొట్టు లోపలికి రాలేదు, గొడుగు కింద నిలబడే హిందుస్తానీలో మాట్లాడాడు.

"కోహెనా? ఈ రేవులో దిగే ప్రతివాడూ కోహెనే. బాగ్దాదు నుంచి కోహెన్, బొంబాయి నుంచి కోహెన్. గౌరవమైన పేరు కదా, ఎవడు పడితే వాడు తగిలించుకుంటాడు. ఇతను మావాడని ఎవరు చెప్పారు?"

"ఆయనే సెప్పినాడు బాబూ," అంది తాయారమ్మ. "కొచ్చిన్‌లో పుట్టేడు. మీ ప్రార్థనకి వొచ్చేవోడు. ఆకరి బల్లమీద కూకునేవోడు. మీకు పదిమంది ఉంటేగానీ ప్రార్థన సాగదంట కదా. తొమ్మండుగురే ఉన్నా సరే, ఇతన్ని పదోవోడిగా లెక్కెట్టేవోరు కాదంట. ఇంటికొచ్చి గోడకేసి తిరిగి తొంగునేవోడు."

సెక్రటరీ దొర గొడుగు రెండో చేతికి మార్చుకున్నాడు. రేపు కమిటీ చెబుతుందన్నాడు. ఐసు పెట్టించమన్నాడు. గొయ్యి మాత్రం తవ్వావో నీ నౌకరీ, నీ గుడిసె రెండూ పోతాయని బుల్లియ్యతో విడిగా చెప్పి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం పొద్దున్నే ఐసు వచ్చింది, రంపప్పొట్టు పూసుకుని. బుల్లియ్య, అతని భార్య వెంకమ్మ దాన్ని గోనెసంచిలో వేసి రోకలితో కొట్టారు. శవం దొడ్లో ఉండగా పొయ్యి రాజెయ్యకూడదని వెంకమ్మ రాత్రి నుంచి అన్నం వండలేదు. నిజానికి ఆ దొడ్లో ఎప్పుడూ శవాలే. కానీ అవి దొరల శవాలు, వచ్చినంతసేపు పట్టేది కాదు పూడ్చడానికి. ఇది మనమనిషి మొగుడు. లెక్క వేరు.

ఐసు సర్దడానికి పొట్ట మీది చేతులు పక్కకి తియ్యబోయి బుల్లియ్య ఆగిపోయాడు.

వేళ్ళు విడిపోయి ఉన్నాయి. చిటికెనవేలూ ఉంగరపువేలూ ఒక జత, నడిమివేలూ చూపుడువేలూ ఒక జత. రెండు చేతులూ అంతే. రాళ్ళ మీద ఎలా చెక్కి ఉంటాయో అలాగే.

నిన్న ఇలా లేవు. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు చూశాడు కదా! పిడికిలి వదులుగా ముడుచుకుని ఉంది. కుడిచేతి వేళ్ళు నాలుగూ కలిపి గట్టిగా నొక్కిపెట్టాడు. చల్లగా, తడి తాడు పట్టుకున్నట్టుంది. వదిలాడు. వేళ్ళు కాసేపు అలాగే ఉండి, ఏ తొందరా లేకుండా మళ్ళీ విడిపోయాయి.

"ఒలే ఎంకీ! ఇట్రా, ఇట్రా!"

వెంకమ్మ వచ్చి చూసింది. చూసీచూడగానే రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. "ఓలమ్మో, సూడకు, సూడకు! నాను ఆయాగా ఉన్న ఇంటమ్మగారు సెప్పింది. గుడిలో కోహెన్‌లు ముసుగేసుకుని అలా సేతులెట్టి దీవిస్తారంట. అప్పుడు సూస్తే కళ్ళు పోతాయంట!"

"దీవించడానికి బతికుండాల కదే!"

"అందుకే సూడొద్దంటున్నాను!"

బల్ల వారన కూర్చున్న తాయారమ్మ మాత్రం కళ్ళు తిప్పలేదు. "కాపరంలో ఎప్పుడూ ఆయన అలా సెయ్యెట్టడం నాను సూళ్ళేదు," అంది మెల్లిగా. "నాను కోహెన్నే గానీ నాకు సెయ్యెత్తే సోటు ఇవ్వరు తాయారూ, అనేవోడు."

వెంకమ్మ ఉండబట్టలేక అడిగేసింది. ఈ దొరలతో ఈ గోలంతా ఎందుకు, మనోళ్ళ శ్మశానానికి తీసుకెళ్ళి దహనం చేసేస్తే పోలేదా అని.

"ఆయనకి నిప్పంటే బయమమ్మా. ఒకరోజు ఈళ్ళందర్నీ పేరెట్టి పిలిసి లేపుతారంట, మట్టిలోంచి. ఆ పిలుపుకి నాను నా వోళ్ళ మద్దెన నేకపోతే ఏటవుతాను, ఎక్కడ తిరగాల, అని జొరంలో కూడా అదే పలవరింత. సరే, నీ వోళ్ళ మద్దెనే పెడతానని సేతిలో సెయ్యేసి సెప్పినాను. నాకింకేటీ తెలీదు."

బుల్లియ్య వెంకమ్మ పాత చీరపేలిక చింపి ఆ చేతులకి ఒక్కోదానికి ఒక్కో కట్టు కట్టాడు, శవాన్ని మోసే చెక్కపలకని గొయ్యిలోకి దించే తాడుకి వేసే ముడి వేసి. ఆ ముడి ఏనుగు లాగినా ఊడదని అతని గొప్ప.

మధ్యాహ్నం కబురొచ్చింది. కమిటీ ఒప్పుకోలేదు. ఇతను తమవాడనడానికి కాగితం లేదు, సాక్షి లేడు, పెళ్ళాం కొరంగీ మనిషి, అంటే తెలుగు కూలీది. రేపు శనివారం, వాళ్ళు పని ముట్టుకోరు కాబట్టి ఆదివారం పొద్దున్న మునిసిపాలిటీ బండి వచ్చి దిక్కులేని శవాల దొడ్డికి పట్టుకుపోతుంది. తాయారమ్మ విని తలూపింది. ఐసు కరిగిన నీళ్ళు బల్లమీంచి కారుతుంటే చీపురుతో తూముదాకా ఊడ్చింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

దీపాలవేళకి ఆమె రెండు కొవ్వొత్తులు తెచ్చి తలవైపు వెలిగించింది, శుక్రవారం వెలిగించాలని దావీదే నేర్పాడట. బుల్లియ్య ఐసు మార్చడానికి వెళ్ళాడు. చీరపేలికలు రెండూ బల్ల మీద పడున్నాయి. ముడులు ముడులుగానే ఉన్నాయి, విప్పినట్టు లేదు, తెగినట్టు లేదు. చేతులు పొట్ట మీద. వేళ్ళు రెండేసి.

"నువ్వు తీశావా?"

"నాను ముట్టుకోనేదు అన్నియ్యా."

బయట వీధికుక్కలు మూడో నాలుగో గేటు బయట చతికిలబడి కొట్టు వైపే చూస్తున్నాయి. మొరగడం లేదు. రాయి విసిరినా లేవలేదు. బుల్లియ్య గుడిసెలోకి వచ్చి చాప మీద కూలబడ్డాడు. శవం అడుగుతోంది, ఇంకేముంది! తన ఇంటిపేరువాణ్ణి అడుగుతోంది. మనలో మనిషి పోతే దాయాదులు రాకుండా శవం లేస్తుందా? కబురు చెప్పాలి కదా, ఎవరో ఒకరు? ఇంటిపేరు ఒకటైతే ఏ ఊళ్ళో ఉన్నా మైల పట్టాలి కదా? ఈ దొరలు చెప్పుకోలేదు. అంతే అయ్యుంటుంది. ఆ ఆలోచన రాగానే అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

*

కోహెన్ దొరని ఆ వీధిలో ఎరగనివాళ్ళు లేరు. డల్‌హౌసీ వీధిలో గాజుదీపాల కొట్టు ఆయనది. ముసలివాడు, సన్నగా, నిటారుగా ఉంటాడు. యూదుల్లో ఎవరు పోయినా గోరీలదొడ్డి దాకా వస్తాడు, గేటు దాటడు. ఎదరగా రోడ్డుకి అవతల నిలబడతాడు. చెట్టుకొమ్మ గోడ దాటి రోడ్డు మీదికి వాలినచోట, ఆ నీడ కూడా తొక్కకుండా చుట్టూ తిరిగి పోతాడు. లోపల మట్టివేస్తున్నంతసేపూ మొహం పక్కకి తిప్పుకుని నిలబడి, అందరూ వచ్చేశాక వెళ్ళిపోతాడు. లోపల్నించి ఎవరో పిలుస్తారనీ, అడుగుపెడితే మళ్ళీ బయటికి రాలేడనీ వీధిలో చెప్పుకునేవాళ్ళు. బుల్లియ్య నమ్మేవాడు కాదు. శుక్రవారం తరవాత నమ్మాడు.

శనివారం మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చాక ఆయన ఇంటికి వెళ్ళాడు. గడప ఎక్కలేదు. రోడ్డు మీదే, మురిక్కాలవ ఇవతల నిలబడి కేకేశాడు.

"దొరా! మైలకబురు తెచ్చాను. గడప తొక్కను, ఇక్కణ్ణించే చెప్తాను."

ముసలాయన తలుపు తీసి వరండాలోకి వచ్చాడు. "ఎవరు పోయారు?"

"మీ ఇంటిపేరాయనే దొరా. దావీదు కోహెన్. గురువారం పోయాడు. మీకు చెప్పినట్టు లేరు. మీరు తలమీద నీళ్ళు పోసుకోవాలి, మైల పట్టాలి. దాయాది కదా!"

ముసలాయనకి అర్థం కాలేదు. అయ్యాక నవ్వొచ్చింది, పాపం, ఆపుకున్నాడు. "బుల్లియ్యా, అది మీలాగ ఇంటిపేరు కాదు. పనిపేరు. కోహెన్ అంటే పూజారి. ఎప్పుడో వేలేళ్ళ కింద మాకో గుడి ఉండేది, అక్కడ చేసిన పని అది. గుడి కాలిపోయింది, పని పోయింది, పేరు మిగిలింది. బాగ్దాదులో ఉన్నాం, కొచ్చిన్‌లో, పోలండులో, లండన్లో. కాహన్ అంటారు ఒకచోట, కోగన్ అంటారు ఇంకోచోట. ఒకళ్ళనొకళ్ళం ఎరగం. వాళ్ళందరికీ మైల పట్టాలంటే నేను జన్మంతా మైల పట్టినవాడిలా నేలమీదే కూర్చోవాలి."

బుల్లియ్య ఆలోచించాడు. మురిక్కాలవలో నీళ్ళు జోరుగా పోతున్నాయి.

"అయితే దొరా, ఆ మొదటి పూజారి ఎంతమంది?"

"ఎంతమందేమిటి? ఒక్కడే. అహరోను."

"అతని పిల్లలే కదా మీరంతా?"

"అవును."

"మరింకేం, దాయాదులే!" బుల్లియ్యకి ఎంతో తేలికైంది. "మాలోనూ అంతే దొరా. ఊళ్ళు వేరైపోతాం, మొహాలు ఎరగం. మైల మైలే."

ముసలాయన వరండా కటకటాలు పట్టుకున్నాడు. నవ్వు మొహంలోంచి ఎప్పుడో పోయింది. బుల్లియ్య వేళ్ళ సంగతి మొదలెట్టాడు. రెండేసి వేళ్ళు విడిపోయి ఉన్నాయనగానే ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

"ఆ మాట నాతో చెప్పకు. అతని దగ్గర ఎవరున్నారు?"

"పెళ్ళాం. మావాళ్ళ పిల్ల."

"మావాళ్ళలో?"

"ఎవరూ లేరు."

"ఎవరు కడిగారు?"

"ఎవరూ కడగలేదు దొరా. రేపు పొద్దున్న మునిసిపాలిటీ బండి వస్తుంది."

"ఎవరూ లేరు," అన్నాడు ముసలాయన. అడిగినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టుంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బుల్లియ్య కాసేపు చూశాడు. తలుపు తెరుచుకోలేదు. వెళ్ళినపని చెడిందనుకుని, తడుస్తూ ఇంటికొచ్చాడు. తాయారమ్మ మొహం చూళ్ళేక గడ్డికొడవలి నూరుతూ కూర్చున్నాడు, కొయ్యాల్సిన గడ్డి ఏమీ లేకపోయినా.

*

ఆదివారం తెల్లవారేసరికి బండి వచ్చింది. బండివాళ్ళిద్దరూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. వాసన మొదలైంది మరి. అప్పగించడానికి సెక్రటరీ దొర వచ్చి గేటు లోపల గొడుగేసుకుని నిలబడ్డాడు. తాయారమ్మ కొట్టు గడపకి అడ్డంగా కూర్చుని రెండు చేతులతో రెండు తలుపుచెక్కలూ పట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు. బండివాడు భుజం పట్టుకుని లాగితే కదల్లేదు.

"బుల్లియ్యా, ఆ మనిషిని పక్కకి తీసెయ్," అన్నాడు సెక్రటరీ దొర.

బుల్లియ్య ఒకడుగు వేశాడు. నౌకరీ, గుడిసె, వెంకమ్మ, అన్నీ ఆ ఒక్క అడుగులో ఉన్నాయి. రెండో అడుగు పడలేదు. "నావల్ల కాదు బాబూ," అన్నాడు. అన్నాక అతనికే ఆశ్చర్యమేసింది.

గేటు బయట కుక్కలు లేచి పక్కకి తప్పుకున్నాయి. రోడ్డవతల, రోజూ నిలబడే చోట, ముసలి కోహెన్ నిలబడి ఉన్నాడు. చంకలో తెల్లబట్టల మూట. ఎప్పట్నించి ఉన్నాడో ఎవరూ చూళ్ళేదు. ఆయన రోడ్డు దాటాడు. కొమ్మ నీడ చుట్టూ తిరగలేదు, నీడలోంచే తిన్నగా నడిచొచ్చాడు. ఆకుల నీళ్ళు ఆయన టోపీ మీద టపటప రాలాయి.

"దొరగారూ!" సెక్రటరీ గొడుగు పక్కకి ఒరిగిపోయింది. "మీరు కోహెన్! లోపల శవముంది!"

"ఉందనే వస్తున్నాను."

"మీకు తగదు!"

"తండ్రికీ, తల్లికీ, పెళ్ళానికీ, తోడబుట్టినవాళ్ళకీ, పిల్లలకీ తప్ప తగదు. నిజమే. కానీ దారిలో దిక్కులేని శవం ఉండి, ముట్టుకునేవాళ్ళు లేకపోతే, పెద్ద పూజారైనా సరే దీక్షలో ఉన్నా సరే మొయ్యాల్సిందేనని కూడా ఉంది. నిన్న సాయంత్రం మళ్ళీ చదివాను."

సెక్రటరీ మొహం నల్లబడింది. ఆయన లోపల అడుగుపెడితే, ఇంతమంది యూదులున్న ఊళ్ళో ఒక శవానికి ఎవరూ దిక్కులేరని చాటినట్టే. "ఆగండి, ఆగండి. మేమే చేస్తాం. కమిటీతో నేను మాట్లాడతాను."

"శుక్రవారం ఆ మాట అని ఉంటే నేను రోడ్డవతలే ఉందును."

"అతను మనవాడు కాకపోతే?"

"అయితే పాపం నాకు. ఇన్నేళ్ళు నిష్ఠగా ఉన్నాను, ఒక్కదాన్ని మోసుకుపోగలను."

గేటు దాటాడు. లోపల్నించి ఎవరూ పిలవలేదు. తాయారమ్మ తలుపుచెక్కలు వదిలి దారిచ్చింది.

కొట్లో ముసలాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. బుల్లియ్య నీళ్ళు తోడి తెచ్చి, దొర చూడాలి కదా అని ఆత్రంగా ఐసు పొట్టు తుడిచి, చేతుల మీంచి గోనెపట్టా తీశాడు. వేళ్ళు నాలుగూ కలిసి ఉన్నాయి. మెత్తగా, మామూలుగా, నిద్రపోయిన మనిషి చేతుల్లా ఉన్నాయి. ముసలాయన ఆ చేతుల వంక ప్రత్యేకంగా చూడనైనా లేదు. తలనుంచి మొదలెట్టి, కుడివైపు ముందు, ఎడమవైపు తరవాత, గోళ్ళ సందులతో సహా కడిగాడు. శవాన్ని ముట్టని చేతులేమో, మొదట్లో నీళ్ళు పక్కకి ఒలికాయి. తరవాత ఒలకలేదు. మూటలోని బట్టలు ఆయన తన చావుకని కుట్టించి దాచుకున్నవి. పొడుగు సరిపోక కాళ్ళ దగ్గర మడిచారు.

గొయ్యి ఎక్కడ తవ్వాలని అడిగి పార ఆయనే తీశాడు. బుల్లియ్య లాక్కున్నాడు. చేతుల రాళ్ళున్న వరసలోనే తవ్వాడు, సెక్రటరీని అడక్కుండా. తవ్వేకొద్దీ నీళ్ళు ఊరుతుంటే బండివాళ్ళిద్దరూ, ఎందుకనుకున్నారో ఏమో, బకెట్లు అందుకున్నారు. శవాన్ని పలక మీద మోసుకొస్తుంటే ఒక పాలరాతి గోరీ పక్కనించి దారి. ముసలాయన భార్యది. ఆవిణ్ణి పెట్టిన రోజు తరవాత ఆయన లోపలికి రాలేదు, ఆ రాయి చూసింది లేదు. బుల్లియ్య వేలెత్తి చూపబోయాడు. ముసలాయన తల అడ్డంగా ఊపి, పలక కొస భుజం మార్చుకుని నడిచాడు. ఇవాళ వచ్చింది ఆమె కోసం కాదు.

మట్టి వేశారు. తాయారమ్మ కూడా దోసిళ్ళతో వేసింది. పదిమంది లేరు కాబట్టి ఏదో చదవాల్సింది చదవలేదు, పేరు మాత్రం ముసలాయన గట్టిగా పలికాడు, దావీదు కోహెన్ అని. గేటు దగ్గర సెక్రటరీ గొడుగు మడిచేసి తడుస్తూ నిలబడ్డాడు.

"బుల్లియ్యా, కత్తుందా?"

మొలలో ఉన్న చిన్నకత్తి తీసిచ్చాడు. ముసలాయన కోటు కుడివైపు మడత మీద కత్తి మొన పెట్టి కోసి, రెండు చేతులతో పట్టుకుని పర్రున చింపాడు. ఆ చింపడం బుల్లియ్యకి కొత్తకాదు. పోయినవాళ్ళ సొంతమనుషులు తప్ప ఎవరూ చింపుకోరు. తల్లికీ తండ్రికీ అయితే గుండె ఉన్న ఎడమవైపు. తోడబుట్టినవాడికైతే కుడివైపు.

"ఏటన్నియ్యా?" తాయారమ్మ గుసగుసగా అడిగింది. "అంత మంచి కోటు సింపేసుకున్నాడేటి?"

బుల్లియ్య కత్తి వెనక్కి తీసుకుని మొలలో దోపుకున్నాడు.

"ముసుగేసుకో తాయారూ," అన్నాడు. "ఆయన నీకు బావగారు."

తాయారమ్మ మట్టి చేతులతోనే తడిసిన పమిటచెంగు తలమీదికి లాక్కుని, పెద్దవాళ్ళ ముందు ఒదిగినట్టు పక్కకి ఒదిగి నిలబడింది. గురువారం నుంచి కంట నీటిబొట్టు పెట్టని మనిషి, అప్పుడు ఏడ్చింది.